పదిమంది పిల్లలుంటే తెలుగు సెక్షన్ ఇవ్వాలట కదా? మద్రాసులో ఎవరైనా అడిగి చూశారా?

విభాగం: చదువులు, భాష, హక్కులు

వ్యాసర్పాడి వాసి

అందరికీ నమస్కారం. మా పాపను ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేర్చాలి. మాకు దగ్గర్లో ఒక ఎయిడెడ్ బడి ఉంది, పేరు రాయను. మా ఆవిడ, వాళ్ల అక్కచెల్లెళ్లు అందరూ అక్కడే తెలుగు మీడియంలో చదివారు. మొన్న వెళ్లి అడిగితే ఆఫీసులో ఆయన "ఒకటో తరగతికి తెలుగు సెక్షన్ ఎత్తేస్తున్నాం సార్, పిల్లలు రావడం లేదు. తమిళ్‌లో వేయండి, లేదా ఇంగ్లిష్ మీడియం ఉంది" అన్నాడు. అప్లికేషన్లో మాతృభాష అని ఒక గడి ఉంటుంది చూడండి, నేనింకా పాప పుట్టిన తేదీ చెబుతుండగానే ఆయన అందులో తమిళ్ అని నింపేశాడు. కొట్టేయించి తెలుగు అని రాయించాను. "ఏది రాస్తే ఏముంది సార్" అని గొణుక్కుంటూ రాశాడు.

తరగతిలో పదిమంది ఉంటే తెలుగులో చెప్పే టీచరును ఇవ్వాలని ఒక రూలుందని మా మామగారు అంటున్నారు. అది నిజమేనా? ఎక్కడుంది? ఇక్కడ తమిళం తప్పనిసరి చేశారు కదా, తెలుగు మీడియంలో వేస్తే పదో తరగతికొచ్చేసరికి పాప ఇరుక్కుపోతుందా? రాజకీయం వద్దు, పనయ్యే మాట చెప్పండి.

పాత ట్రాము

మీ మామగారి మాట నిజమే బాబూ. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రులు సమావేశమై చేసిన తీర్మానం అది. ఒక భాష పిల్లలు బడి మొత్తం మీద 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఉంటే ప్రాథమిక స్థాయిలో వాళ్ల భాషలో చెప్పడానికి కనీసం ఒక టీచరును వేయాలి. అందులోనే మీకు పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. పిల్లల మాతృభాష ఏదంటే తల్లిదండ్రులో సంరక్షకులో ఏది చెబితే అది. బల్ల వెనక కూర్చున్నాయన మీ పేరు చూసో యాస చూసో తేల్చేది కాదు. ఆ గడి మార్పించి మంచి పని చేశారు. చాలామంది మార్పించరు, లెక్క అక్కడే తప్పిపోతుంది.

1956లో భాషల వారీగా రాష్ట్రాలు గీసినప్పుడు, ఎంత చూసుకుని గీసినా గీతకు అటూ ఇటూ జనం మిగిలారు. వాళ్ల కోసం ఏడో సవరణలో 350ఎ, 350బి అధికరణాలు చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలి అంటుంది 350ఎ. చూడండి, "కల్పించాలి" అనలేదు, "ప్రయత్నించాలి" అంది. 350బి కింద ఒక ప్రత్యేక అధికారి ఉంటాడు, భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ అంటారు. 1957 నుంచి ఆ ఆఫీసు ఉంది. ఆయన విచారిస్తాడు, రాష్ట్రపతికి నివేదిక ఇస్తాడు, అది పార్లమెంటు ముందుకు వెళుతుంది. అంతే. ఏ హెడ్మాస్టరుకూ ఆయన ఉత్తర్వు ఇవ్వలేడు. రూలుంది గానీ చేతిలో కొరడా లేదు.

కాబట్టి కాగితం మీద అడగాలి. నోటితో అడిగితే నోటితోనే పంపేస్తారు.

గులకరాయి

తమిళం సంగతి నేను చెబుతాను, మా అబ్బాయి ఈ గొడవలోనే చదివి బయటపడ్డాడు.

తమిళనాడు తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చింది. ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతికి పెంచుకుంటూ పోయారు, 2015-16కి పదో తరగతికి చేరింది. అంతకు ముందు తెలుగు మీడియం పిల్లలు మొదటి భాషగా తెలుగే రాసేవారు. ఇప్పుడు మొదటి భాగం తమిళం, రెండోది ఇంగ్లిష్, మూడోది లెక్కలు, సైన్సు, సోషల్. తెలుగు నాలుగో భాగంలోకి, ఐచ్ఛికంగా వెళ్లింది. ఆ మార్కులు చాలా ఏళ్లు మొత్తంలో కలవలేదు. కలవని మార్కుల కోసం ఏ పిల్లవాడు కష్టపడతాడు చెప్పండి?

దీని మీద భాషా అల్పసంఖ్యాకుల సంఘాలు కోర్టుకెక్కాయి. మద్రాసు హైకోర్టు, తరవాత సుప్రీంకోర్టు విడతలు విడతలుగా పదో తరగతి పిల్లలకు మినహాయింపు ఇస్తూ వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో కూడా సుప్రీంకోర్టు ఆ ఏడాది పరీక్షకు పొడిగించింది. వినడానికి బాగానే ఉంటుంది. పరీక్ష తమిళమా, తెలుగా అనేది దగ్గరికొచ్చేదాకా తేలకపోతే ఇంట్లో ఎంత టెన్షన్ పడతామో పడినవాళ్లకే తెలుసు.

అయితే ఒకటి గమనించండి. మీడియం వేరు, భాషా సబ్జెక్టు వేరు. చట్టం తమిళాన్ని ఒక సబ్జెక్టుగా తప్పనిసరి చేసింది, తెలుగు మీడియాన్ని రద్దు చేయలేదు. మీ పాప తెలుగు మీడియంలో ఉన్నా ఒకటో తరగతి నుంచే తమిళం నేర్చుకుంటుంది. ఒకటి నుంచీ నేర్చుకున్న పిల్లలకు పదిలో తమిళం పెద్ద కష్టం కాదు. మధ్యలో చేరినవాళ్లకే నరకం.

ఉప్పుకాగితం

నాకు అర్థం కాని విషయం అడుగుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మద్రాసులో పుట్టి, మద్రాసులో బతకబోయే పిల్లకు తెలుగు మీడియం ఎందుకు? ఇంట్లో తెలుగు మాట్లాడండి, ఎవరొద్దన్నారు. ఊరి భాషలో చదివితే ఊళ్లో పనులవుతాయి, ఉద్యోగానికీ అక్కరకొస్తుంది.

అయినా అక్కడ ఆంధ్రాలో ఏం వెలగబెట్టారు? 2019 నవంబరులో సర్కారు బడులన్నీ ఇంగ్లిష్ మీడియం చేస్తామని జీవో ఇస్తే, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది కాబట్టి ఆ జీవో ఆగింది. తెలంగాణ నయం, 2018లో తెలుగు తప్పనిసరి అని చట్టం చేసింది. సొంత రాష్ట్రంలో తెలుగు వద్దనుకుని, పక్క రాష్ట్రం తెలుగు నేర్పాలని ధర్నా చేస్తే తమిళులు నవ్వరూ? తమిళం కోసం వాళ్లు చేసిన చట్టంలో తప్పేముంది, మనకు చేతకానిది వాళ్లు చేశారు.

మారతహళ్లి మలుపు

బెంగళూరు నుంచి ఒక మాట. మీడియం మీద సర్కారు చేతులు ఇక్కడే కట్టేశారు. కర్ణాటక ప్రభుత్వం ప్రాథమిక తరగతుల్లో మాతృభాష లేదా కన్నడం మీడియం ఉండాలని పట్టుబట్టింది. 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కుదరదంది. పిల్లల మాతృభాష ఏదో తల్లిదండ్రులు నిర్ణయిస్తారు, ఏ మీడియం అనేది కూడా వాళ్ల ఇష్టమే అని తీర్పు. అంటే తెలుగు మీడియం కావాలనే హక్కు ఏ తలుపు గుండా వస్తుందో, ఇంగ్లిష్ కావాలనేదీ అదే తలుపు గుండా వస్తుంది. మీ బడిలో పిల్లలు తగ్గడానికి తమిళనాడు చట్టం కంటే మన అమ్మానాన్నల ఇష్టమే పెద్ద కారణమని నా లెక్క.

ఇక్కడ బోర్డుల గొడవ మీకు తెలిసిందే. షాపు బోర్డులో 60 శాతం కన్నడం ఉండాలి. మా వీధిలో ఒక నెల్లూరాయన మెస్సు బోర్డు మూడుసార్లు గీయించాడు. మూడోసారి తెలుగు అక్షరాలు బోర్డు అడుగున చీమల బారులా మిగిలాయి. ఆయనకు బాధేం లేదు, "తినేవాళ్లకు వాసన చాలు" అంటాడు.

పాత ట్రాము

ఉప్పుకాగితం గారూ, తమిళం వద్దని ఇక్కడ ఎవరన్నారు? ఒకటో తరగతి పిల్ల తనకు తెలిసిన భాషలో కూడికలు నేర్చుకుని, పక్కనే తమిళం కూడా నేర్చుకుంటే ఎవరికి నష్టం? మీరు చెప్పిన ఆ జీవో కేసులోనే విద్యాహక్కు చట్టం సెక్షన్ 29 ముందుకొచ్చింది. వీలైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలని అందులో ఉంది. అది ఆంధ్రా పిల్లలకొకటీ మద్రాసు పిల్లలకొకటీ కాదు, దేశమంతటికీ ఒకటే చట్టం.

ఇక ఆంధ్రావాళ్లు ఏం చేశారన్నది మాకు అనవసరం. మేం ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లం కాదు. మేం ఉన్నచోటే ఉన్నాం, రాష్ట్రాలే మా చుట్టూ మారాయి. పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచిన ఇల్లు రాయపేట హైరోడ్డులో ఉంది. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. 1960 ఏప్రిల్‌లో తిరుత్తణి కూడా ఇటే వచ్చేసింది. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 42 లక్షల పైచిలుకు. చెప్పుకోనివాళ్లు ఎందరో దేవుడికెరుక.

(ఈ పోస్టు తొలగించబడింది)

నిర్వాహకులు

త్రిభాషా సూత్రం, కేంద్రం నిధులు, ఏ పార్టీ ఎవరికి అమ్ముడుపోయింది అనేవాటికి వేరే దారం ఉంది, అక్కడ కొట్టుకోండి. తమిళులను ఉద్దేశించి వాడిన మాట ఇక్కడ కుదరదు. మన పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లలో సగం మంది వాళ్లే.

సెంట్రల్ వెనక

అన్నలకూ అక్కలకూ నమస్కారం. నేనెప్పుడూ చదవడమే గానీ రాయను. ఇవాళ రాయాలనిపించింది.

మా నాన్న కార్పొరేషన్‌లో పారిశుద్ధ్య పని చేసి రిటైరయ్యాడు, మా తాతదీ అదే పని. తాతవాళ్లు నెల్లూరు వైపు నుంచి వచ్చారట. మా లైను మొత్తం ఇళ్లల్లో తెలుగే. పెళ్లిలో తెలుగు, చావులో తెలుగు, కుళాయి దగ్గర తిట్లూ తెలుగే. మీరు భాషా అల్పసంఖ్యాకులు అని రాస్తుంటే అది మమ్మల్ని కూడా కలుపుకునేనని నాకు చాన్నాళ్లు తెలియదు. సభలకూ సంఘాలకూ వెళ్లేవాళ్ల గురించి అనుకున్నాను.

నేను ఐదో తరగతి దాకా కార్పొరేషన్ తెలుగు బడిలోనే చదివాను. బాగా చదివేదాన్ని. మా టీచరమ్మ పద్యాలు చెప్పించేది. ఆరో తరగతికి దగ్గర్లో తెలుగు హైస్కూలు లేదు. తమిళ బడిలో వేశారు. అప్పట్లో మాకు కింది తరగతుల్లో తమిళం సరిగా నేర్పలేదు, నాకు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. సైన్సు పుస్తకం తెరిస్తే బొమ్మలు చూసి ఏ పాఠమో కనుక్కునేదాన్ని. బోర్డు మీద సారు రాసింది గీతకు గీత బొమ్మ గీసినట్టు నోట్సులో దింపుకునేదాన్ని. పరీక్షలో అదే గీసి వచ్చాను, సున్నా. నాతో వచ్చిన మా లైను ఆడపిల్లలు ఆ ఏడాదే మానేశారు. నేను ఎలాగో లాక్కొచ్చాను.

అందుకని నా కూతుర్ని ఒకటో తరగతి నుంచి తమిళంలోనే వేశాను. తెలుగు మీద ప్రేమ లేక కాదు. ఐదు దాకా తెలుగు చెప్పి ఆరులో గాలికొదిలేసే బడి నాకు వద్దు. అది హక్కు అంటారా? నాకైతే ఉచ్చులా అనిపించింది.

ఇంకో మాట. మా తెలుగులో తమిళం కలిసి ఉంటుందని మీలో కొంతమంది నవ్వుతారు. ఒకసారి ఒక ఉగాది కార్యక్రమానికి వెళ్లాం. మా పాప స్టేజీ మీద మాట్లాడితే వెనకెవరో "ఇదేం తెలుగు" అన్నారు. పాప ఆ తరవాత బయట నోరు విప్పలేదు. సర్కారు మన భాషను కాపాడాలని మీరు అడుగుతున్నారు, అడగండి. మా ఇళ్లల్లో ఉన్న భాష కూడా ఆ లెక్కలోకి వస్తుందా అన్నది మీరే చెప్పాలి.

గులకరాయి

అక్కా, మీరు రాసినదాంట్లో అసలు లోపం బయటపడింది. 350ఎ మాట్లాడేది ప్రాథమిక దశ గురించే. ఐదో తరగతి అవగానే దాని పని అయిపోతుంది. మధ్యతరగతి పిల్లలకు ట్యూషన్ ఉంటుంది, మార్చుకోగలరు. మీ లైను పిల్లలకు ఆ గోడ దాటడానికి నిచ్చెన ఎవరూ వేయలేదు. అర్జీ రాసేటప్పుడు ఆరు నుంచి పది దాకా ఏమిటని అడగకపోతే ఒకటో తరగతి గురించి అడిగీ లాభం లేదు.

ఉప్పుకాగితం

సెంట్రల్ వెనక గారు చెప్పింది నా మాటకు బలమే కదా. ఆవిడే కూతుర్ని తమిళంలో వేశారు.

సెంట్రల్ వెనక

బలం కాదన్నా. పదో తరగతి దాకా తెలుగు ఉండుంటే, పక్కన తమిళం కూడా సరిగా చెప్పి ఉంటే, అక్కడే వేసేదాన్ని. మీరు ఒక్క సగమే చదివారు.

కోటగిరి చలి

మద్రాసులోనే పుట్టి పెరిగాను, ఇప్పుడు నీలగిరిలో పని. ఈ పది, నలభై లెక్క ఇక్కణ్నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెబుతాను.

ఇక్కడి కొండజాతి తోడాల భాష మాట్లాడేవాళ్లు మొత్తం కలిపి రెండు వేలకు లోపే. ఒక్కో మందులో, అంటే వాళ్ల పల్లెలో, కొన్ని ఇళ్లే ఉంటాయి. ఏ బడిలోనైనా ఏ తరగతిలోనైనా పదిమంది తోడా పిల్లలు ఎలా వస్తారు? 42 లక్షల మంది ఉన్న తెలుగుకే పదిమంది దొరకడం లేదంటున్నారు. కోతా వాళ్లదీ, కురుంబ వాళ్లదీ అదే పరిస్థితి. అంకె పెట్టి హక్కు ఇస్తే, అంకె అందుకోలేని భాషకు హక్కే లేనట్టు.

అసలు లెక్కలోకే రారు. 1971 నుంచి జనాభా లెక్కల్లో పదివేల మంది కంటే తక్కువ మాట్లాడే భాషను విడిగా చూపరు, ఇతరాలు అని ఒక సంచిలో వేస్తారు. 2011లో విడిగా చూపినవి 121. కొన్నిటిని పెద్ద భాష కింద కలిపేస్తారు. ఇక్కడ లక్షకు పైగా మాట్లాడే బడగ కన్నడం కింద పడింది. ఇరుళ తమిళం కింద. మన లంబాడీ ఏమైందో తెలుసా? హిందీ కింద, 32 లక్షల మందికి పైగా. ఒడ్డెర వాళ్ల వడరి తెలుగు కింద ఉంది, దాని గురించి మాత్రం మనం ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. సంచి మనదైతే కలిపేసుకోవడం మనకూ హాయిగానే ఉంటుంది మరి.

సర్కారు ఏమీ చేయడం లేదని కాదు. పదివేల లోపు మాట్లాడే భాషలను నమోదు చేయడానికి కేంద్రం మైసూరులోని భారతీయ భాషల సంస్థకు 2013లో ఒక పథకం అప్పగించింది. తమిళనాడు 2024-25 బడ్జెట్‌లో సౌరాష్ట్ర, బడగలతో పాటు తోడా, కోతా, సోలగ, కాణి, నరికురవల భాషా సంపదను రికార్డు చేయడానికి 2 కోట్లు ప్రకటించారు. మంచిదే. కానీ ఇవన్నీ రికార్డు చేసే పనులు. మైకు పట్టుకుని అవ్వ దగ్గరికి వెళతారు, పాట పాడించుకుంటారు, వెళ్లిపోతారు. నేనూ ఒకసారి వాళ్లకు దారి చూపించడానికి వెళ్లాను. అవ్వ గంటసేపు చెప్పింది. పక్కనే కూర్చున్న మనవరాలు ఫోన్లో తమిళ సీరియల్ చూసుకుంటోంది, ఆ పిల్లను ఎవరూ ఏమీ అడగలేదు. దాచిపెట్టడం ఒకటి, వాడుకలో ఉంచడం ఒకటి.

న్యూజిలాండ్‌లో మావోరీవాళ్లు 1982లో పసిపిల్లల బడులు పెట్టుకున్నారు, అవ్వలూ తాతలే టీచర్లు, రోజంతా వాళ్ల భాషే. చట్టం చేసి మావోరీని అధికార భాష చేసింది ఆ తరవాత 1987లో. మెక్సికో 2003లో ఆదివాసుల భాషా హక్కులకు ఏకంగా చట్టం చేసింది, కెనడా 2019లో. ఐక్యరాజ్యసమితి 2022 నుంచి 2032 దాకా ఆదివాసీ భాషల దశాబ్దం అంది. సగం దాటబోతోంది, మా కొండ మీద ఎవరికీ ఆ కబురు అందినట్టు లేదు.

పాత ట్రాము

కోటగిరి చలి గారూ, ఒడ్డెర వాళ్ల మాట బాగా అంటించారు. ఒప్పుకోవాల్సిందే.

మీ పోస్టు చదువుతుంటే గిడుగు రామ్మూర్తి పంతులుగారు గుర్తొచ్చారు. ఆగస్టు 29న దండలేసి వాడుక భాష అని నాలుగు ముక్కలు చెప్పి వదిలేస్తాం. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఆయన సవర నేర్చుకున్నాడు. ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టి మరీ నేర్చుకున్నాడంటారు. సవర పిల్లలకు సొంత డబ్బుతో బడులు పెట్టాడు. సవరల బడుల్లో సవర భాషలోనే చెప్పాలన్నాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది, 1938లో నిఘంటువు. ఎక్కడనుకున్నారు, ఈ మద్రాసులోనే, గవర్నమెంటు ప్రెస్సులో. తెల్లవాళ్ల సర్కారు కూడా ఒక కొండభాషకు కాగితం, సిరా ఖర్చు పెట్టింది, వెంటపడిన మనిషి ఒకడున్నాడు కాబట్టి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టారు. సవర, కోయ, కువి, కొండ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా. తెలుగు లిపిలో పుస్తకాలు వేశారు. ఉప్పుకాగితం గారు ఆంధ్రాలో ఏం వెలగబెట్టారన్నారుగా, ఇది ఒకటి వెలిగించారు. చివరిదాకా నూనె పోశారా అంటే అది వేరే సంగతి.

హోసూరు సంత

మా వైపు ఇంకో లెక్క ఉంది, అది కూడా రాసుకోండి. ఒక ఊళ్లోనో తాలూకాలోనో నూటికి 15 మంది ఒక అల్పసంఖ్యాక భాష మాట్లాడితే ముఖ్యమైన సర్కారు నోటీసులు, నిబంధనలు ఆ భాషలో కూడా వేయాలని రాష్ట్రాలు ఒప్పుకున్న ఏర్పాటు ఉంది. మా తాలూకాలో ఎటు చూసినా తెలుగు, కన్నడం. నేనొక ఆఫీసుకెళ్లి భూమి నోటీసు తెలుగులో ఇవ్వమంటే, లోపలికెళ్లి అందరితో చెప్పి నవ్వించి వచ్చాడు. తరవాత ఆయనే నోటితో తెలుగులో చక్కగా వివరించి చెప్పాడు, ఇంటి దగ్గర ఆయనదీ తెలుగే. ఇదీ మన సంగతి.

మారతహళ్లి మలుపు

హోసూరు అన్నా, ఆయన ఇంటి అప్లికేషన్లో మాతృభాష గడిలో ఏం రాసి ఉంటాడో పందెం కాద్దామా?

వ్యాసర్పాడి వాసి

ఇంత చర్చ అవుతుందనుకోలేదు. మీరు చెప్పినట్టు మా వీధిలోనూ, గుడి దగ్గరా అడిగాను. ఒకటో తరగతికి వచ్చే పిల్లలున్న తెలుగు ఇళ్లు ఎనిమిది తేలాయి. ఇద్దరు ఇంగ్లిష్ మీడియంలో డబ్బు కట్టేశారు. ఇద్దరు సంతకం పెడతామన్నారు. మిగతావాళ్లు "పెడితే తమిళం వద్దన్నట్టు అవుతుందా, ఎవరైనా ఏమైనా అంటారా" అని సందేహిస్తున్నారు. ఒకాయన అయితే "మేం తెలుగువాళ్లమని కాగితం మీద ఎందుకండీ" అన్నాడు, అచ్చ తెలుగులో.

అర్జీ ఎలా రాయాలో ఎవరైనా చెప్పండి. బడికి రాయాలా, పైకి రాయాలా?

గులకరాయి

రెండిటికీ. మొదట బడి యాజమాన్యానికి, కాపీ జిల్లా విద్యాధికారికి, ఇంకో కాపీ భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ ఆఫీసుకు. తమిళంలో రాయించండి, కింద తెలుగు కాపీ జతచేయండి. ఫిర్యాదు రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వొచ్చని 350 అధికరణం చెబుతుంది. దాని మీద వాదన పెట్టుకోకుండా చదివేవాడికి తెలిసిన భాషలో ఇస్తే పని తొందరగా అవుతుంది. నమూనా ఇది, మార్చుకోండి:

"మా పిల్లల మాతృభాష తెలుగు అని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాము. రాష్ట్ర చట్టం ప్రకారం వారు తమిళం మొదటి భాషగా చదవడానికి మాకు అభ్యంతరం లేదు, దానికి తగిన టీచరును కూడా కోరుతున్నాము. ఒకటో తరగతిలో తెలుగు మాధ్యమ విభాగం కొనసాగించవలసిందిగా కోరుతున్నాము. 1949 విద్యామంత్రుల సమావేశ తీర్మానం, రాజ్యాంగం 350ఎ అధికరణాన్ని పరిశీలించగలరు. ఆరో తరగతి నుంచి ఈ పిల్లలకు తెలుగు ఏ బడిలో, ఏ రూపంలో అందుబాటులో ఉంటుందో రాతపూర్వకంగా తెలపగలరు."

తమిళానికి అభ్యంతరం లేదన్న వాక్యం తీసేయకండి. భయపడేవాళ్లు ఆ వాక్యం చూశాకే సంతకం పెడతారు.

కోటగిరి చలి

ఇంకొకటి చేర్చుకోండి, అర్జీలో కాదు, ఇళ్లకు వెళ్లినప్పుడు చెప్పడానికి. 2027లో జనగణన ఉంది. మాతృభాష అడుగుతారు. చిన్నప్పుడు మీ అమ్మ మీతో ఏ భాషలో మాట్లాడిందో అదే మాతృభాష అని వాళ్ల నిర్వచనం. మీకు ఏది బాగా వచ్చు, ఏ లిపి చదవగలరు అన్నది ప్రశ్న కాదు. ఎన్యుమరేటర్ పేరు చూసి తనంతట తాను రాసుకోకుండా చూసుకోండి.

వ్యాసర్పాడి వాసి

చాలా థాంక్స్ అండీ. సెంట్రల్ వెనక అక్కా, మీ లైనులో ఒకటో తరగతికి వచ్చే పిల్లలెవరైనా ఉన్నారా? మా బడికి బస్సులో పావుగంట. పదికి ఇంకా తక్కువ పడుతున్నాయి.

సెంట్రల్ వెనక

ఉన్నారన్నా, నలుగురైదుగురు ఉంటారు. కానీ ముందు మీరొకటి కనుక్కోండి. మా అడ్రసు చూసి మీ బడి వాళ్లు పిల్లల్ని చేర్చుకుంటారా? ఇంతకు ముందు ఒకసారి వేరే బడిలో సీట్లు లేవన్నారు, మరుసటి రోజు అదే తరగతిలో ఇంకొకరిని చేర్చుకున్నారు. అంకె పూర్తి చేయడానికి మా పిల్లల పేర్లు కావాలంటే ఇవ్వను. చేర్చుకుని ఆరో తరగతి దారి కూడా చూపిస్తామంటే నేనే ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టిస్తాను.

వ్యాసర్పాడి వాసి

న్యాయమే అక్కా. రేపు సంతకాలు పెట్టే ఇద్దరినీ తీసుకుని బడికి వెళతాను. ఈ మాట మొదట అడిగాకే అర్జీ చేతికిస్తాను. మీరూ వస్తే ఇంకా మంచిది.

సెంట్రల్ వెనక

పదకొండు తరవాతైతే వస్తాను. పొద్దున డ్యూటీ ఉంది.

గులకరాయి

వెళ్లేటప్పుడు అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లండి. రెండో దాని మీద తేదీ వేసి సీలు, సంతకం చేయించుకోండి. వాళ్లు తీసుకోబోమంటే ఆ సాయంత్రమే రిజిస్టర్డ్ పోస్టులో పంపించి రసీదు దాచుకోండి.